అప్‌డేట్: ఓపెన్ మైక్ అయిపోయింది, బతికే ఉన్నాను

క్లబ్బులో స్టాండప్ కామెడీ ఓపెన్ మైక్ ఉంది (పేరిస్తే కొత్తవాళ్లయినా స్టేజీ ఎక్కి జోకులు చెప్పచ్చు), అయిదు నిమిషాలు ఇస్తారు, మొత్తం బట్టీ పట్టాలా, చీటీ పెట్టుకోవచ్చా అని అడిగాను కదా. నిన్న రాత్రే ఆ ముచ్చట తీరింది.

చీటీ జేబులోంచి తియ్యలేదు. మీరు చెప్పినట్టే జోకుల వరస గుర్తుపెట్టుకుని, మొదటిదీ చివరిదీ మాత్రం పొల్లు పోకుండా నేర్చుకున్నాను. ఎక్కగానే మైకు తీసుకుని స్టాండు పక్కకు జరపమన్నారు చూడండి, చేతులకు ఆ పని దొరికేసరికి సగం టెన్షన్ పోయింది.

బాగా పేలుతుందనుకున్న లిఫ్టు జోకు తుస్సుమంది. ముందు వరసలో ఒకాయన చేతులు కట్టుకుని పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా చూస్తున్నాడు. "అది జోకేనండీ, నవ్వచ్చు" అన్నాను. ఆయనతో సహా అందరూ గొల్లుమన్నారు. కష్టపడి రాసుకున్నవాటికంటే దానికే ఎక్కువ నవ్వు రావడం కాస్త అవమానమే!

కొత్తగా ఎక్కేవాళ్లకు ఒక మాట. హాలు వెనక లైటు వెలిగిందంటే ఇక నిమిషమే ఉందని అర్థం. ఇంట్లో అద్దం ముందు సరిగ్గా అయిదు నిమిషాలు వచ్చిన సెట్ (చెప్పే జోకులన్నీ కలిపి), అక్కడ జనం నవ్వే సమయం కలిసి సాగుతుంది. నాలుగు నిమిషాల సరుకు చాలు. నేను మధ్యలో ఒక జోకు వదిలేసి నేరుగా చివరిదానికి దూకాల్సొచ్చింది.

ఫోన్లో రికార్డింగ్ ఉంది, వినే ధైర్యం ఇంకా రాలేదు. వచ్చేసారికి పేరైతే ఇచ్చేశాను. లిఫ్టు జోకును మాత్రం వదల్ను, ముందున్న సోది కోసేసి మళ్లీ చెప్పి చూస్తా.