వైజాగ్‌లో మొక్కల కణజీవశాస్త్రం పీహెచ్‌డీ: కాన్‌ఫోకల్ లేదు, ఫెలోషిప్ లేదు, సలహా కావాలి

పాడేరు పిల్ల:
అందరికీ నమస్తే. ఉప్పు తగిలితే మొక్క కణంలో యాక్టిన్ పోగులు (కణం లోపల ఉండే సన్నటి ప్రొటీన్ దారాలు) ఎలా మారతాయన్నది నా టాపిక్. మొదటి ఏడు. మా ల్యాబ్‌లో మామూలు మైక్రోస్కోపే ఉంది. కాన్‌ఫోకల్ (లేజర్‌తో కణం లోపలి పొరల్ని విడివిడిగా చూపే మైక్రోస్కోప్) లేకపోతే పరిశోధన పేపర్ రాదని భయపెడుతున్నారు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఫెలోషిప్ కోసం రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష పేపరేమో ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

సిరిపురం సీనియర్:
ముందు డబ్బు సంగతి చూసుకోమ్మా. పాడేరు అంటున్నారు కాబట్టి అడుగుతున్నా, ఎస్టీనా? అయితే కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఫెలోషిప్‌కి పెట్టండి. ఏటా 750 మందికి ఇస్తారు. జేఆర్ఎఫ్ (మొదటి రెండేళ్ల ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) వేరు. అయితే ఏ ఫెలోషిప్పైనా నెలనెలా టంచనుగా పడుతుందనుకోవద్దు. మాకు నెలల తరబడి ఆగి ఒకేసారి పడేది, ఈలోగా మెస్ బిల్లుకి అప్పులే.

ఉల్లిపొర:
చెల్లీ, కాన్‌ఫోకల్ గురించి ఇప్పుడే బెంగపడకు. ఎంవీపీ రైతు బజార్లో ఉల్లిపాయ కొను. లోపలి పొర ఒలిచి నీటిబొట్టులో పెట్టి చూస్తే కణంలో రేణువులు పరిగెడుతూ కనిపిస్తాయి. వాటిని లాగేది యాక్టిన్ మీద నడిచే మయోసిన్ అనే ప్రొటీనే. ఉప్పునీళ్లలో ఆ వేగం ఎంత మారిందో వీడియో తీసి, ఫిజీ అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌లో కొలువు, అది ఉచితమే. యాక్టిన్‌ని పోగులుగా కట్టుకోనివ్వని లాట్రన్‌కులిన్ అనే మందు వేస్తే పరుగు ఆగాలి, అదే నీ కంట్రోల్ (పోల్చి చూసుకునే ప్రయోగం). చేతిలో ఇంత డేటా ఉంటే పెద్ద ల్యాబ్ వాళ్లు మెయిల్‌కి జవాబిస్తారు. ఉత్త చేతులతో అడిగితే ఇవ్వరు.

బీచ్‌రోడ్డు:
అక్క చెప్పింది బాగుంది గానీ, పోగుల్నే చూపించమని రివ్యూయర్ అడక మానడు. ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్లో ఏ సంస్థలో ఏ కాన్‌ఫోకల్ ఉందో వెతికి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. శాంపిల్ ఫిక్స్ చేసి (రసాయనంతో కణాల్ని ఉన్నవున్నట్టు నిలిపి) తీసుకెళ్తే జాగ్రత్త, ఉత్త ఫార్మాల్డిహైడ్‌తో సన్న పోగులు చెదిరిపోతాయి. ముందు ఎంబీఎస్ అనే రసాయనంతో పట్టి ఉంచి, ఆ తర్వాత ఫ్యాలాయిడిన్ (యాక్టిన్‌కి అంటుకుని మెరిసే రంగు) వెయ్యాలి. అరబిడాప్సిస్ (ల్యాబుల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క) జోలికి వెళ్తే మాత్రం దానికి 22 డిగ్రీల చల్లదనం కావాలి. మన మే నెలలో ఏసీ ఒక్క రాత్రి ఆగితే చాలు, మొలకలు వేడికి దెబ్బతిని ప్రయోగం పాడవుతుంది. విదేశీ విత్తనాలకి ఎన్‌బీపీజీఆర్ (మొక్కల జన్యువనరుల జాతీయ సంస్థ) పర్మిట్, జీఎం (జన్యువులు మార్చిన) లైనైతే బయోసేఫ్టీ కాగితాలు కూడా. ఇండియాలోనే ఉన్న ల్యాబ్‌ని అడగడం నయం.

సిరిపురం సీనియర్:
విదేశీ ల్యాబ్‌లో కొన్ని వారాలు పనిచేయాలంటే కంపెనీ ఆఫ్ బయాలజిస్ట్స్ ట్రావెలింగ్ ఫెలోషిప్ ఉంది, 3,000 పౌండ్ల దాకా ఇస్తారు. పేపర్ ఆలస్యమైతే బయోఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ప్రీప్రింట్ (రివ్యూకి ముందు ప్రతి) పెట్టండి, పైసా ఖర్చుండదు.

పాడేరు పిల్ల:
ఎస్టీనే సార్, అప్లై చేస్తాను. అక్కా, రేపే ఉల్లిపాయ తెస్తా. ఇంకొకటి, బయట ల్యాబ్ వాళ్లు ఇమేజింగ్ చేసిస్తే పేపర్‌లో మొదటి పేరు ఎవరిది?

ఉల్లిపొర:
ప్రశ్న నీది, ప్రయోగం నీది అయితే నీదే. కానీ వెళ్లకముందే మీ గైడ్‌ని సీసీలో పెట్టి ఆ మాట మెయిల్‌లో రాయించుకో. ఫోన్‌లో ఒప్పుకున్నది ఎవరికీ గుర్తుండదు.

బీచ్‌రోడ్డు:
మొదటి మెయిల్లోనే అడిగితే మొహం మాడ్చుకుంటారక్కా. డేటా చూపించాక అడగమను.