సెమినార్‌లో చైనా విద్యార్థులు నోరు విప్పట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. ఇంగ్లండ్‌లో పీహెచ్‌డీ చేస్తూ ఎంఎస్సీ మేనేజ్‌మెంట్ వాళ్లకి సెమినార్లు (చర్చా క్లాసులు) తీసుకుంటున్నాను. క్లాసులో సగానికి పైగా చైనా నుంచి వచ్చినవాళ్లే. ప్రశ్న వేస్తే తలలు దించుకుంటారు. క్లాసయ్యాక మాత్రం ఒక్కొక్కరే వచ్చి మంచి మంచి సందేహాలు అడుగుతారు. ఇంగ్లీషు రాకనా, చదవకుండా వస్తున్నారా?

జవాబు: క్లాసయ్యాక అలా అడుగుతున్నారంటే చదివే వస్తున్నారండీ. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో 9కి 6.5 వచ్చినా సరే, ప్రశ్న విని, అర్థం చేసుకుని, వాక్యం కూర్చుకునేలోపు పక్కవాళ్లు మాట్లాడేస్తారు. నేనైతే ప్రశ్నలు ముందురోజే పంపుతాను. క్లాసులో రెండు నిమిషాలు కాగితం మీద రాసుకోమంటాను, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుకోమంటాను. ఆ కాసేపు చైనీస్‌లో మాట్లాడుకున్నా పట్టించుకోను. అందరి ముందూ చెప్పడం ఆఖరునే. "మీ ఇద్దరూ ఏమనుకున్నారు?" అంటే చెప్తారు, హఠాత్తుగా ఒకరి మీదికి వేలు చూపిస్తే బిగుసుకుపోతారు. నలుగురిలో తప్పు చెప్తే పరువు పోతుందన్న భయం మన ఇంటర్ క్లాసుల్లో మాత్రం లేదూ? అలాగని అందరూ మొహమాటస్తులే అనుకోకండి, గట్టిగా వాదించేవాళ్లూ ఉంటారు.

ఇంకో జవాబు: పైన చెప్పింది నిజమే గానీ, అసలు దెబ్బ మార్కుల దగ్గర తగులుతుంది. చైనాలో మామూలుగా వందకి 60 పాస్ మార్కు, బాగా చదివేవాళ్లు 85, 90 చూసి అలవాటుపడినవాళ్లు. ఇక్కడ మాస్టర్స్‌లో సాధారణంగా 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. 62 వస్తే ఏదో గట్టెక్కామంతే అని కుమిలిపోతారు. ఇది మొదటి అసైన్‌మెంట్‌కి ముందే చెప్పాలి. పేర్లు తీసేసి, అనుమతి ఉంటే, పాత వ్యాసాలు రెండు పంచండి: ఒకటి 52 వచ్చింది, ఒకటి 68 వచ్చింది. తేడా ఎక్కడుందో వాళ్లచేతే పట్టించండి. ఊరికే "క్రిటికల్‌గా రాయండి" అంటే మన తెలుగు పిల్లలకీ అర్థం కాదు. ఫీడ్‌బ్యాక్‌లో కూడా ఇంగ్లీషువాళ్ల మర్యాద కొద్దీ "వీలైతే ఇది ఆలోచించండి" అని రాస్తే, వదిలేసినా పర్లేదనుకుంటారు. మార్చాల్సినదాన్ని మార్చమనే రాయండి.

ప్రశ్న వేసినవారు: చాలా థాంక్సండీ. గ్రూప్ వర్క్ సంగతేంటి? వాళ్లంతా ఒకే చోట చేరిపోతున్నారు.

మొదట జవాబిచ్చినవారు: గ్రూపులు మీరే వేయండి. కానీ ఒక్కరినే వేరేవాళ్ల మధ్య పడేయకండి, ఇద్దరిద్దరుగా పెట్టండి. ఎవరి పని ఏంటో మొదటి మీటింగులోనే రాయించండి. గడువు తేదీల్లాంటివి నోటిమాటగా వదలొద్దు. వాళ్ల వీచాట్ (మన వాట్సాప్ లాంటిది) గ్రూపులో ఒకసారి తప్పు తేదీ పాకిందంటే మళ్లీ సరిచేయడం కష్టం. అన్నట్టు, పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చదవకండి. ఎక్స్‌తో మొదలైతే 'ష'కి దగ్గరగా, క్యూతో మొదలైతే 'చ'కి దగ్గరగా పలుకుతుంది. మొదటి వారమే వాళ్లనే అడిగి, తెలుగులో రాసి పెట్టుకోండి.