పెళ్లి అన్నం తిన్న ఆవుకి వేరే పశువు పొట్ట నీళ్లు పట్టిస్తే పనిచేస్తాదా?

అందరికీ నమస్తే, మాది చీపురుపల్లి దగ్గర ఊరు. జెర్సీ క్రాస్ ఆవు, రెండో ఈత, పూటకి 5 లీటర్లు ఇచ్చేది. మూడు వారాల కిందట పక్కింట్లో పెళ్లయ్యాక మిగిలిన అన్నం గోలెంలో ఉంచితే రాత్రి తాడు తెంపుకెళ్లి మొత్తం మెక్కేసింది. పొద్దున్నకి పొట్ట ఉబ్బిపోయి పళ్లు కొరుకుతూ పడుంది, డాక్టర్ గారొచ్చి సెలైన్లు ఎక్కించి, సోడా పట్టించి బతికించారు, ఆయనకి దండం పెట్టాలి.

కానీ ఇప్పటికీ సరిగ్గా నెమరు వెయ్యట్లేదు, పేడ పల్చగా బుడగలతో ఒకటే పుల్ల కంపు, పాలు 2 లీటర్లు దాటట్లేదు. నేను చదివింది ఏటంటే అన్నం అంతా ఒక్కసారి పడితే స్ట్రెప్టోకోకస్ బోవిస్, లాక్టోబాసిల్లస్ లాంటి బ్యాక్టీరియా పెరిగిపోయి లాక్టిక్ యాసిడ్ చేస్తాయి, రూమెన్ (మేత పులిసే పెద్ద పొట్ట) పీహెచ్ (ఇది తగ్గితే పులుపు పెరిగినట్టు) 6, 7 మధ్య ఉండాల్సింది 5 కి పడిపోతే గడ్డి అరిగించే బ్యాక్టీరియా, ప్రోటోజోవా చచ్చిపోతాయి. అంటే యాసిడ్ తగ్గినా లోపల ఇల్లు ఖాళీయే కదా.

మా తాత ఇలాంటప్పుడు మంచి ఎద్దు నోట్లోంచి నెమరు ముద్ద లాగి జబ్బు పశువుకి పెట్టీవాడు, మేం నవ్వీవాళ్లం. ఇప్పుడు అదే ట్రాన్స్‌ఫానేషన్ (మంచి పశువు పొట్ట నీళ్లు జబ్బు పశువుకి పట్టించడం) అని సైన్సులో ఉంది!

మేకలు కోసేకాడ దొరికే పొట్ట నీళ్లు ఆవుకి పనికొస్తాయా, ఆవువే కావాలా? పెద్ద ఆవుకి 8 లీటర్ల పైనే పట్టాలంటున్నారు, వేడి చల్లారకుండా గాలి తగలకుండా ఊరికి ఎలా తేవడం? ఈస్ట్ పౌడర్ ఒక్కటే పెడితే సరిపోతాదా? తవుడు ఆపీసి వరిగడ్డే వేస్తున్నాను. గరివిడి వెటర్నరీ కాలేజీలో చదివినోళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి బాబూ.