పునాదిలో దొరికిన రాయి: ఒకచోట మసిలా మెత్తన, పక్కనే గాజును గీసేంత గట్టి

రాయగడ_కొత్తిల్లు: ఇంటి పునాదికి తవ్వుతుంటే తుప్పు రంగు రాయి వచ్చింది. పగలగొడితే లోపల మెరిసే నల్ల రేకులు. వేలితో రాస్తే పెన్సిల్ మసిలా అంటింది. పక్కనే ఆవగింజంత ఎర్ర గింజలు, వాటితో సీసా మీద గీస్తే గాటు పడింది! ఒకే రాయిలో ఇంత తేడా ఎలా?

గుణుపురం_మాస్టారు: బాబూ, మీరు చెప్పినదాన్ని బట్టి అది ఖొండలైట్. మన ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. నల్లవి గ్రాఫైట్, ఎర్రవి గార్నెట్. 1812లో మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త గట్టిదనాన్ని బట్టి 1 (అతి మెత్తన) నుంచి 10 (అతి గట్టి) దాకా వేసిన వరసలో గ్రాఫైట్ 1–2, గాజు 5.5, గార్నెట్ 7కి అటూ ఇటూ. గ్రాఫైట్‌లోనూ వజ్రంలోనూ ఉన్నది కార్బనే. వజ్రంలో ప్రతి పరమాణువూ నాలుగు దిక్కులా గట్టిగా పట్టుకుని ఉంటుంది. గ్రాఫైట్‌లో ఆ పట్టు పొర లోపలే. అక్కడ పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు, పొరకీ పొరకీ మధ్య 0.335. తడి స్టీలు కంచాల దొంతర వంచితే ఏ కంచమూ విరగదు, అన్నీ జారిపోతాయి. మీ వేలికి అంటింది అలా జారిన పొరలే.

పర్లాకిమిడి_మనవరాలు: మా తాతగారి పలక, బలపం ఇంకా దాచుకున్నాం. ఆ బలపం ముట్టుకుంటే సబ్బులా ఉంటుంది. అదీ ఇంతేనా మాస్టారూ?

గుణుపురం_మాస్టారు: అంతేనమ్మా. బలపపు రాయిలో ముఖ్యంగా ఉండేది టాల్క్, మోస్ వరసలో 1. దాని పొరల మధ్య పట్టి ఉంచేది దాదాపు ఏమీ లేదు. అభ్రకమూ పొరలదే, కానీ పొరల మధ్య పొటాషియం ఉంటుంది కాబట్టి కాస్త గట్టి, 2.5–3.

కోరాపుట్_బోరుబండి: పై పెచ్చు చూసి నమ్మకండి. నేను ఒకసారి మేకుతో గీసి మెత్తదే అనుకున్నాను, రెండడుగులు దిగేసరికి బిట్ మొద్దుబారింది. రాళ్లలో ఉండే ఫెల్స్‌పార్ అనే ఖనిజం గట్టిదనం 6, కానీ ఏళ్ల తరబడి వానకు నాని మట్టిగా మారితే గోటికే రాలుతుంది. కొత్తగా పగిలిన ముఖం మీదే గీయండి. గీశాక తడిగుడ్డతో తుడవాలి. గాడి మిగిలితే రాయి మెత్తన, గీత పోతే అరిగింది మీ మేకే. గీసి చూడడానికి పుస్తకాల్లో రాగి నాణెం అంటారు, మన రూపాయి స్టీలుది, రాగి తీగ వాడండి.

రాయగడ_కొత్తిల్లు: ఇప్పుడే చేశాను అన్నా. ఎర్ర గింజ మీద పడిన వెండి గీత తుడిస్తే పోయింది. నల్ల రేకు మీద మేకు దాకా అక్కర్లేదు, గోటికే గాడి పడింది. ఆ ముక్క పునాదిలో వేయను, పాపకి ఇస్తాను.