హాలోవీన్ షోకి చెక్క దెయ్యం: మక్కు మీద యాక్రిలిక్ నిలుస్తుందా?

కొండపల్లి పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఇక్కడ లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న గ్యాలరీ అక్టోబర్‌లో హాలోవీన్ గ్రూప్ షో పెడుతోంది. అంతా లోబ్రో బాపతు. అంటే అండర్‌గ్రౌండ్ కామిక్స్, హాట్‌రాడ్ కార్లు, పంక్ పోస్టర్ల గాలి సోకిన బొమ్మలు, చిత్రకారుడు రాబర్ట్ విలియమ్స్ తరహావి. పెద్ద మ్యూజియాలు చాలాకాలం మొహం చిట్లించాయి గానీ నాకు మాత్రం అవే ఇష్టం.

నేనిచ్చేది గుమ్మడికాయ తల, కొమ్ములు ఉన్న దెయ్యం, అడుగున్నర ఎత్తు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్క ఇక్కడ దొరకలేదు, బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్కతో చెక్కుతున్నాను. కొమ్ములు, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించాను. ఆరాక ఎడమ కొమ్ము మొదట్లో వెంట్రుకంత చీలిక కనిపిస్తోంది. షో టైముకి శాంటా ఆనా గాలులు (ఇక్కడ వీచే పొడి గాలులు) మొదలైతే ఇంకా ఎండిపోతుందేమోనని టెన్షన్.

మక్కులో కాస్త ఫెవికాల్ లాంటి జిగురు కలపొచ్చా? పైన సున్నం పూత వేస్తే యాక్రిలిక్ రంగు పట్టుకుంటుందా, లేక జెస్సో (రంగుకి ముందు వేసే తెల్లటి ప్రైమర్) వేయడమే మేలా? అమ్ముడైతే సగం గ్యాలరీకే పోతుంది, అది సరే. కొన్నవాళ్లింట్లో కొమ్ము ఊడిపడితే మాత్రం పోయేది నా పరువే!