"పెళ్ళికొడుకు తాలూకు ఎవరండీ?": ఒక పాత లోకభాష మాట, ఇంగ్లీషు రేపటి సంగతి

మొన్న రాజోలు దగ్గర మా బంధువుల ఇంట్లో పెళ్ళి. భోజనాల పందిట్లోకి ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చి కేకేశాడు: "పెళ్ళికొడుకు తాలూకు ఎవరైనా ఉన్నారా అండి? కారు దారికి అడ్డంగా ఉందండి, కాస్త తియ్యాలండి!" నా పక్క విస్తరిలో మా అక్క మనవడు. పదేళ్ళవాడు, డాలస్‌లో పుట్టి అక్కడే పెరుగుతున్నాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు. "తాతా, తాలూకు అంటే ఏంటి?" అన్నాడు. పెరుగన్నం కలుపుతూ ఆలోచించకుండా చెప్పేశాను: "పెళ్ళికొడుకు సైడు వాళ్ళు అనిరా." వాడికి వెంటనే అర్థమైపోయింది, మళ్ళీ పూతరేకు మీద పడ్డాడు.

చెయ్యి కడుక్కుంటుంటే నేను చెప్పింది నాకే మళ్ళీ వినపడింది. తాలూకు పారసీ ద్వారా మనకొచ్చిన అరబ్బీ మాట. దాన్ని విడమరిచి చెప్పడానికి నా నోటికొచ్చిన సైడు ఇంగ్లీషు మాట. ఒకప్పటి లోకభాష మాటకి ఇప్పటి లోకభాష మాటతో అర్థం చెప్పాను. విన్న పిల్లాడికి రెండూ తెలుగులాగే వినపడ్డాయి.

ఇంగ్లీషు ఇంకెన్నాళ్ళు ప్రపంచానికి ఉమ్మడి భాషగా ఉంటుందని మన గుంపులో కొన్నాళ్ళుగా వాదన నడుస్తోంది కదా. చైనా పెరిగితే ఏమవుతుంది, ఫోన్లే అనువాదం చేసిపెడితే ఏమవుతుంది అని. నా మటుకు నాకు ఆ సంగతి ఈ తాలూకు దగ్గర మొదలుపెడితేనే తెలుస్తుందనిపించింది.

మూలంలో అది "తఅల్లుక్". అంటిపెట్టుకుని ఉండటం, సంబంధం. ఒక ఊరికో కచేరీకో (సర్కారు ఆఫీసుకో) అంటిపెట్టుకున్న ఊళ్ళన్నీ కలిపి తాలూకా అయ్యాయి. 1985లో మండలాలు వచ్చి ఆ తాలూకాలు పోయాయి. ప్రభుత్వం తీసేసింది తాలూకానే గానీ, జనం నోట్లో ఉన్న తాలూకుని ఎవరూ కదపలేదు. 2024 ఎన్నికలప్పుడు బైకుల నంబరు ప్లేట్ల మీద "పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా" అని రాయించుకుని తిరిగారు కుర్రాళ్ళు. వాళ్ళు చెప్పింది రెవెన్యూ తాలూకా గురించి కాదు. మేం ఆయనకి చెందినవాళ్ళం అని. ఆ రాతలో ఎమ్మెల్యే ఇంగ్లీషు పొడి అక్షరాలు, తాలూకా అరబ్బీ, "గారి" అనే మర్యాద మాత్రం మనది.

ఇందులో ఇంకో విశేషం ఉంది, వ్యాకరణం ఇష్టపడేవాళ్ళు గమనించాలి. "రాజుగారి మనుషులు" అంటే ఆయన చెప్పింది చేసే మనుషులు. "రాజుగారి తాలూకు మనుషులు" అంటే చుట్టాలు కావచ్చు, స్నేహితులు కావచ్చు, ఆయన పేరు చెప్పి వచ్చినవాళ్ళు కావచ్చు. "కేసు తాలూకు కాగితాలు", "ఆ పొలం తాలూకు గొడవ". ఎలాంటి సంబంధమో విప్పి చెప్పనక్కర్లేనప్పుడు ఈ మాట వేస్తాం. "యొక్క" ఈ పని చెయ్యదు. "పెళ్ళికొడుకు యొక్క వాళ్ళు" అని ఏ పందిట్లోనూ ఎవరూ పిలవగా నేను వినలేదు. నామవాచకంగా వచ్చిన మాట ఇక్కడ దాదాపు విభక్తి పని చేస్తోంది. ఒక భాష ఇంకో భాషలోకి ఇంతకంటే లోపలికి వెళ్ళడం కష్టం.

పారసీ మన దగ్గర ఎలా ఉండేదో ఒకసారి తల్చుకోండి. ఇరాన్ నుంచి బెంగాల్ దాకా దర్బారుల్లో, కచేరీల్లో అదే నడిచేది. మన దేశంలో ఇంట్లో పారసీ మాట్లాడేవాళ్ళు బహు కొద్దిమంది, కొలువు కోసం నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ. 1766లో నిజాముతో ఒప్పందం కుదిరి ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. ఆ "సర్కారు" కూడా పారసీయే. దొరలు వచ్చీ రాగానే పారసీని పక్కన పెట్టలేదు. 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టి, ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర ఉద్యోగులకి పారసీ నేర్పించారు. తర్వాత 1837లో ఒక చట్టం చేసి కంపెనీ కోర్టుల్లోంచి, కచేరీల్లోంచి పారసీని తప్పించారు. అక్కడినుంచి రెండు మూడు తరాలు తిరిగేసరికి కొలువు కోసం పారసీ చదివే అవసరమే లేకుండా పోయింది.

మా తాతగారి ట్రంకు పెట్టెలో నీటి తీరువ (సాగునీటి పన్ను) రసీదు ఒకటి ఉంది. మడతల దగ్గర చిరిగిపోయి, పట్టుకుంటే పొడి రాలుతుంది. దాని మీద "ఫసలీ 1372" అని ఉంటుంది. అంటే 1962-63. ఫసలీ అక్బరు కాలంలో పంటల శిస్తు లెక్క కోసం పెట్టిన సంవత్సరం, జూలై ఒకటిన మొదలవుతుంది. ఆ అరచేతి కాగితం మీద చూడండి: జిల్లా, తాలూకా, ఫసలీ, రసీదు, జమ, బాకీ. అన్నీ ఆ తోవన వచ్చినవే. తీరువ ఒక్కటి మన మాట. మొగలులు పోయి, కంపెనీ పోయి, రాణిగారి ఏలుబడి పోయి, స్వతంత్రం వచ్చి పదిహేనేళ్ళయ్యాక కూడా మా తాత గోదావరి నీళ్ళకి అక్బరు లెక్కలో డబ్బు కట్టాడు. ఆయనకి పారసీ అక్షరం ముక్క రాదు.

ఇక మన గోదావరి డెల్టాలో ఇంగ్లీషు ఎక్కడ కూర్చుందో చూద్దాం. కాన్వెంటు బోర్డుల మీద ఉన్నది అందరికీ కనపడేదే. నాకు ఎక్కువ ముచ్చటేసేది లాకులు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలువలు సాగుకే కాదు, పడవలు నడవడానికి కూడా తవ్వించాడు. ఎగువ నీటికీ దిగువ నీటికీ ఎత్తు తేడా ఉన్నచోట పడవని దించడానికి, ఎక్కించడానికి లాకులు కట్టారు. ఆ పడవల రాకపోకలు ఏనాడో ఆగిపోయాయి. లాకులు ఊరి గుర్తులై నిలబడ్డాయి. "లొల్ల లాకుల దగ్గర ఆపండి" అంటే ఆటో ఆగుతుంది, తాళం గుర్తొచ్చేవాడు ఒక్కడూ ఉండడు. ఆ లాకుల దగ్గర షట్టర్లు ఎత్తే మనిషి లస్కరు. పారసీలో "లష్కర్" అంటే సైన్యం. అది ఓడల మీదికెక్కి తెల్లవాళ్ళ భాషల్లో మన నావికుడికి పేరై, చివరికి మన కాలువ గట్టు మీద దిగింది. ఇంగ్లీషు లాకుల దగ్గర పారసీ లస్కరు షట్టరెత్తితే గోదారి నీళ్ళు చేలకి పోయే బోదె కాలువలోకి వస్తాయి.

ఎదురు ప్రయాణం కూడా జరిగిందండోయ్. ఇంగ్లీషు నిఘంటువులో ఆనకట్టకి "ఆనికట్" అని మాట ఉంది, అది తమిళ "అణైకట్టు". చేలగట్లు తొలిచే మన పందికొక్కు అక్కడ "బ్యాండికూట్" అయింది, ఆస్ట్రేలియాలో వేరే జంతువుకి కూడా ఆ పేరే పెట్టారు. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో కంపెనీ కొన్న నూలు బట్ట "మాడపొల్లం" పేరుతో సీమల్లో అమ్ముడుపోయింది.

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీదికి వెళ్ళండి. ఏరియేటరు, సీడు, ఫీడు, చెక్ ట్రే, కౌంటు. "ఎంత కౌంటుకి పట్టారండి?" అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయని. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయలేని రైతు ఈ మాటలతో లక్షల బేరం చేస్తాడు. 2009లో మన దేశానికి వచ్చిన వనామి రొయ్య పేరు లాటిన్ శాస్త్రనామంలోది. వాన్ నేమ్ అనే అమెరికా శాస్త్రవేత్త పేరుని లాటిన్ చేసి పెట్టారు. లాటిన్ ఎవరి ఇంటి భాషా కాకుండా పోయి వందల ఏళ్ళయింది. అయినా తెల్లవారుజామున ఉండి అనే ఊరి చెరువుల గట్టు మీద "వనామి రేటెంతండి" అని వినపడుతూనే ఉంది.

అలాగని లోకం మీది పెద్ద పనుల్లో ఇంగ్లీషుకున్న చోటుని తక్కువ చెయ్యలేను. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ప్రపంచంలో సుమారు 150 కోట్లు అంటారు, అందులో అది తల్లిభాష అయినవాళ్ళు 40 కోట్లకి లోపే. అంటే ఇప్పుడది ఎక్కువగా పరాయివాళ్ళ నోళ్ళలోనే బతుకుతోంది. దేశాలు దాటి విమానం నడిపే పైలట్లకి ఇంగ్లీషు పరీక్ష 2008 నుంచి తప్పనిసరి. ఓడల మీద భద్రత కోసం వాడాల్సిన ఇంగ్లీషు వాక్యాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఖాయం చేసింది. కాకినాడ రేవుకి వచ్చే ఓడలో కెప్టెన్‌ది ఒక దేశం, ఇంజనీరుది ఇంకో దేశం అయితే వాళ్ళని కలిపేది ఆ కాసిని వాక్యాలే. సముద్రంలో, ఆకాశంలో, సైన్సు పత్రికల్లో ఇంగ్లీషు ఇప్పట్లో కదలదని నా గట్టి నమ్మకం. అక్కడ మార్చుకోవడం ఒకరి చేతిలో లేదు, అందరూ ఒకేసారి మారాలి.

కానీ మా వీధిలో ఒక అక్క ఉంది, పన్నెండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. కోనసీమలో ఇలాంటి ఇల్లు లేని ఊరు తక్కువ. "అక్కడ ఇంగ్లీషుతో ఏం పనండి? వంటింట్లో అంతా అరబ్బీయే" అంటుంది. ఉప్పు, పప్పు, గిన్నెలు, పిల్లల ఏడుపు అన్నీ అరబ్బీలో నేర్చుకుంది, పక్కింటి పనిమనిషితో హిందీ. ఇప్పటికీ విసుగొస్తే "ఖల్లి వల్లి" అంటుంది. లోకభాష ఇంగ్లీషని మనం అనుకుంటున్న రోజుల్లోనే ఆమె లోకం ఇంకో భాషలో నడిచింది. ఇంకో పక్క యానాం చూడండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడి. యూరపు రాజుల మధ్య రాయబారాలు ఎక్కువగా ఫ్రెంచిలో నడిచిన కాలం ఉంది. 1919 వెర్సాయి సంధి దగ్గర ఇంగ్లీషు దాని పక్కన సమానంగా కూర్చుంది, తర్వాత ముందుకు జరిగింది.

కాబట్టి నా అంచనా ఇది. ఇంగ్లీషు ఒక్కసారిగా కూలదు. పని ఎక్కడుందో అక్కడ ఉంటుంది, పని పోయినచోట ముందు పోతుంది. హోటల్లో గది అడగడానికి, మందు చీటీ చదవడానికి, పరాయి దేశంలో దారి తెలుసుకోవడానికి ఫోను చాలు అన్న రోజు వస్తే మామూలు మనిషికి దాని అవసరం తగ్గుతుంది. మిగిలేది వాడుకలో అరిగిన చిన్న మాటలు. "ఆ టైపు మనిషి కాదండి" అన్నప్పటి టైపు, "ఫుల్లుగా వాన" అన్నప్పటి ఫుల్లు, ఈ సైడు. తాలూకు నడిచిన దారిలోనే ఇవీ నడుస్తున్నాయి.

ఫోను అనువాదం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. "దాళ్వాకి నీళ్ళు అందలేదు" అని నా ఫోనులో చెప్పి చూశాను. దాళ్వా అంటే మా వైపు రెండో వరి పంట, సార్వా మొదటిది. నీళ్ళు అర్థమయ్యాయి దానికి, దాళ్వాని మనిషి పేరనుకుంది. మూడుసార్లు చెప్పినా అంతే. నాకు నిజంగా బాధేసింది. ఇంగ్లీషు పోయి ఆ చోట్లోకి ఫోను వస్తే, దాళ్వా, సార్వా, బోదె, లంక తెలియని ఫోను మా రైతు మాట ఎవరికి చేరుస్తుంది? ఈ మాటలు మనం వాక్యాల్లో పెట్టి రాయకపోతే దానికి ఎక్కడినుంచి వస్తాయి? పిల్లలకి ఇంగ్లీషు నేర్పద్దని నేను అనను, నా పిల్లలకి నేర్పించాను. వాళ్ళకి దాళ్వా కూడా చెప్పాను.

చేర్పు: కింద ఒక అమ్మగారు "మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు అనే చక్కని మాటలుండగా తాలూకు, సైడు ఎందుకండి" అని అడిగారు. మంచి ప్రశ్న. నాకూ ఆ మాటలంటే ఇష్టం. అయితే మగపెళ్ళివారు అంటే వచ్చిన జట్టంతా. ఆ కుర్రాడికి జట్టు అక్కర్లేదు, కారు తాళం ఉన్న ఒక్క మనిషి కావాలి. ఆ మనిషి చుట్టమో, డ్రైవరో, స్నేహితుడో వాడికి తెలియదు. అందుకే తాలూకు.

ఇంకో మిత్రులు తణుకు వైపు "పెళ్ళికొడుకు తరఫు" అంటామన్నారు. "తరఫు" కూడా ఆ తోవన వచ్చిన అరబ్బీ మాటేనండి, అర్థం పక్క, వైపు. సరిగ్గా సైడే. ఏటికి అటు పక్క తరఫు ఎక్కువా, ఇటు పక్క తాలూకు ఎక్కువా? మీ మీ ఊళ్ళలో పెళ్ళి పందిట్లో ఏమని కేకేస్తారో, ఊరి పేరుతో సహా రాయండి. పాత పెళ్ళి శుభలేఖలు గానీ, తీరువ రసీదులు గానీ ఇంట్లో ఉంటే వాటి మీది మాటలు కూడా ఎక్కించండి.