ఎర్ర మరుగుజ్జుల ఫ్లేర్‌లకు సెకనుకు పది ఫ్రేములు నిజంగా అవసరమా?

వేగుచుక్క: ఇక్కడ చాలామంది యూవీ సీటై, ఏడీ లియో లాంటి ఎర్ర మరుగుజ్జులను (చిన్న, చల్లని తారలను), వాటి ఫ్లేర్‌ల కోసం, అంటే హఠాత్తుగా వచ్చే మెరుపుల కోసం, ఇప్పటికీ 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీస్తున్నారు. దయచేసి మానండి. జపాన్‌లోని కిసో అబ్జర్వేటరీ సెకనుకో ఫ్రేము తీసే కెమెరాతో చూస్తే, 5 సెకన్లలోనే శిఖరానికి చేరిన ఫ్లేర్‌లు దొరికాయి. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ఆ పెరుగుదల మొత్తం గ్రాఫ్‌లో ఒక్క చుక్కగా మిగులుతుంది, శిఖరం చదునైపోతుంది. సెకనుకు పది ఫ్రేములైనా తీయాలని నా వాదన.

నీలిఫిల్టర్: ఎంత టెలిస్కోప్ అద్దంతో? 20 సెంటీమీటర్ల అద్దంతో, సముద్రమట్టం దగ్గర, తార నడినెత్తిన ఉన్నా సరే, 0.1 సెకను ఎక్స్‌పోజర్‌లో గాలి వల్ల వచ్చే మినుకే దాదాపు 2.7 శాతం ఉంటుంది. అదే 10 సెకన్లయితే 0.27 శాతం. వేగం కన్నా ముందు రంగు గురించి ఆలోచించండి. తార ఉపరితలం 3,000 కెల్విన్ల దగ్గర ఉంటే ఫ్లేర్ 9,000, 10,000 వరకు వెళ్తుంది. నీలంలో కొట్టొచ్చినట్టు కనిపించే ఫ్లేర్ ఎరుపులో తేలిపోతుంది. ఫిల్టర్ లేకుండా ఎంత వేగంగా తీసినా సగం విషయం పోయినట్టే.

నిశాచరి: మన తార కాంతిని పక్కనున్న పోలిక తార కాంతితో భాగిస్తే మినుకు పోదా?

నీలిఫిల్టర్: పోదండీ. పల్చని మబ్బు, పొగమంచు లాంటివి రెండు తారలనూ ఒకేలా తగ్గిస్తాయి, అవి పోతాయి. మినుకు అలా కాదు. కాస్త దూరంలో ఉన్న తార కాంతి వేరే గాలి పొరల గుండా వస్తుంది. భాగిస్తే రెండో తార మినుకు కూడా వచ్చి కలుస్తుంది.

వేగుచుక్క: 2.7 శాతం పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారు? యూవీ సీటై పెద్ద ఫ్లేర్ కాంతిని రెట్లలో పెంచుతుంది, శాతాల్లో కాదు. 2019 మే 1న ప్రాక్సిమా సెంటారీ అనే ఎర్ర మరుగుజ్జు కొన్ని సెకన్లలోనే 14,000 రెట్లు వెలిగింది. ఇంతకన్నా ఏం కావాలి?

నీలిఫిల్టర్: ఆ 14,000 రెట్లు అతినీలలోహితంలో, హబుల్ చూసినది! అదే ఫ్లేర్ ఎరుపు వైపు చూసే టెస్ ఉపగ్రహానికి చాలా చిన్నగా కనిపించింది. మీరిచ్చిన ఉదాహరణ నా మాటనే బలపరుస్తోంది.

వేగుచుక్క: కొన్ని సెకన్లలో అన్న మాట మాత్రం చదవరు.

ఫోటాన్_లెక్క: హైపర్‌క్యామ్ అనే కెమెరా ఒకేసారి అయిదు రంగుల్లో సెకనుకు వెయ్యికి పైగా ఫ్రేములు తీయగలదు. అంటే రెండూ కావాలి.

నీలిఫిల్టర్: దాని వెనుక ఉన్నది 10.4 మీటర్ల అద్దం అన్నా. మన అద్దానికి 0.1 సెకనులో నీలపు ఫోటాన్లు (కాంతి రేణువులు) ఎన్ని అందుతాయి?

వేగుచుక్క: అసలు సంగతి చెప్తాను. అర సెకను పాటు వెలిగిన ఒక మెరుపు నాకు దొరికింది. ఒక పరిశీలకుల బృందానికి గ్రాఫ్ పంపాను. ‘ఉపగ్రహం తళుకు’ అని ఒక్క ముక్కలో జవాబు, అంటే ఉపగ్రహం మీద పడి తిరిగొచ్చిన ఎండ అని. చూడను కూడా చూడలేదు.

నీలిఫిల్టర్: దానికి తోక ఉందా? ఫ్లేర్ గబుక్కున లేచి, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ చూసిన జీజే 1243 తారపై 6,000కు పైగా ఫ్లేర్‌లు దొరికాయి, ఫ్లేర్ ఇలా ఉంటుందనే ఆ అచ్చు వాటి నుంచే తీశారు. అర సెకనులో లేచి ఆరిపోయిందంటే నేనైనా ఉపగ్రహమనే అంటాను.

వేగుచుక్క: ఆ అచ్చు నిమిషానికో చుక్క ఉన్న డేటాతో చేసింది! నిమిషం కన్నా చిన్నవి అందులో పడే అవకాశమే లేదు. దాన్ని చూపించి అర సెకను మెరుపును కొట్టిపారేస్తారా? ఇది ఏ రకం న్యాయం?

నీలిఫిల్టర్: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అచ్చు తప్పని తేలినా మీ మెరుపు నిజమని తేలదు. గ్రాఫ్ ఒక్కటే పంపారు. ముడి ఫ్రేములు ఎందుకు ఇవ్వలేదు? పక్క ఫ్రేములో చుక్క జరిగిందో లేదో చూడకుండా ఎవరు నమ్ముతారు?

వేగుచుక్క: ఇంతకుముందు ఒకసారి ఫ్రేములన్నీ ఇచ్చాను మేడం. ఫలితం బయటికొచ్చింది, నా పేరు మాత్రం లేదు. అందుకే ఇవ్వను. ఇచ్చేదాకా నన్ను అబద్ధాలకోరుగా చూస్తారంటే చూడండి.

ఫోటాన్_లెక్క: అంటే ఇంతసేపటి గొడవ వేగం గురించీ, ఫిల్టర్ గురించీ కాదన్నమాట. ఒక్కరి దగ్గరే ఉన్న డేటాను నమ్మాలా వద్దా అన్నదే కదా? అలాగైతే వంద కిలోమీటర్ల దూరంలో ఇద్దరు, జీపీఎస్ టైముతో, ఒకే తారను తీయండి. 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం రెండు చోట్ల నుంచి చూస్తే దాదాపు 0.16 డిగ్రీలు జరిగి కనిపిస్తుంది, అంటే చందమామ వెడల్పులో మూడోవంతు. రెండు చోట్లా అదే క్షణంలో తార మీదే మెరిస్తే అది ఉపగ్రహం కాదు.

నీలిఫిల్టర్: నేను సిద్ధం. ఒకరు నీలం ఫిల్టర్‌తో తీయాలి. తళుకైతే సూర్యకాంతి రంగులో ఉంటుంది, ఫ్లేర్ అంతకన్నా నీలంగా ఉంటుంది. తార మాత్రం ఏడీ లియో. కాంతి ఎక్కువ, 0.1 సెకనులోనూ లెక్కపెట్టేంత సిగ్నల్ ఉంటుంది.

వేగుచుక్క: ఏడీ లియోకు సరే. ఫిల్టర్ మీరే పెట్టుకోండి, నేను పెట్టను. ముడి ఫ్రేములు ఇద్దరం ఒకేరోజు పెడదాం, ఎవరు తీసినవో మొదటి వరుసలోనే రాసి. ఆ షరతు లేకపోతే నేను లేను.

నీలిఫిల్టర్: షరతు న్యాయంగానే ఉంది. మీ కెమెరాకు జీపీఎస్ ఉందా, కంప్యూటర్ టైమేనా?

వేగుచుక్క: కంప్యూటర్ టైమే. నెట్ నుంచి సరిచేస్తుంది.

నీలిఫిల్టర్: అర సెకను మెరుపుకు అది చాలదండీ. ముందు జీపీఎస్ పెట్టండి, తర్వాత తేదీ అనుకుందాం.